గణకశాస్త్రము: విద్యార్థి సంకల్పము



మన యిండ్లలో ఏ శుభకార్యము నారంభించినను ముందుగా సంకల్పము చెప్పుకొందుము. ఏ దేశమున, ఏ కాలమున, ఎవరు, ఏ ఫలమును గోరి యీ పని చేయుచున్నారో పలికినగాని పురోహితుడు తక్కిన మంత్రము నెత్తుకొనడు. నాలుగేండ్ల కాలమును, తల్లిదండ్రుల కష్టార్జితమును వెచ్చించి చేయు చదువునకు మాత్రము సంకల్పము చెప్పించు ఆచారము మనలో లేదు. "ఏమి చదువుచున్నావు?" అని పిల్లల నడుగుదుము, "ఏల చదువుచున్నావు?" అని యడుగము. నేడు మన గ్రామములనుండి పై చదువులకు వెడలు పిల్లలలో పెక్కుమంది కోరుచున్నది కంప్యూటరు విద్య. కావున ఆ విద్యయన నేమి, దానిని గోరు విద్యార్థికి ఎట్టి సంకల్పముండవలెను, ఇంటిపెద్దలు దానిని పరీక్షించుట యెట్లు అను మూడు విషయములను గూర్చి నాకు తెలిసినంతవఱకు మనవి చేయుదును.

నేను గణితజ్ఞుడను గాను. చిన్ననాట గురువుల సన్నిధిని కావ్యములును వ్యాకరణమును చదివి, పిమ్మట భాషాప్రవీణ పట్టము పొంది, ముప్పదినాలుగేండ్లు ఉన్నత పాఠశాలలలో తెలుగు చెప్పినవాడను. ఇట్టివానికి కంప్యూటరుతో ప్రసక్తి యేమని మీరడుగవచ్చును. నన్నీ విషయములోనికి దింపినది మా పొరుగింటి రైతు మనుమరాలు. ఆ కథ మొదట చెప్పెదను.

గత సంవత్సరము వేసవిలో నొకనాటి సాయంకాలము ఆ పెద్దాయన మనుమరాలిని వెంటబెట్టుకొని మా యరుగుమీదికి వచ్చెను. పిల్ల ఇంటర్మీడియటు ముగించి, కంప్యూటరు సైన్సు చదువుదునని పట్టుపట్టియున్నది. దూరపు పట్టణమున నొక కళాశాలలో స్థానమిప్పింతునని మధ్యవర్తి యొకడు పెద్దమొత్తము చెప్పినాడట. ఆ మొత్తమునకు చెఱువుక్రింది యెకరము నమ్మవలెను. వారికున్నదంతయు మూడెకరములు. ఆయన నాతో, "పంతులుగారూ, భూమి పోయినను చింతలేదు, పిల్ల బాగుపడిన చాలును. కాని యిది యేమి చదువబోవుచున్నదో నాకు తెలియదు. దానికైనను తెలియునో లేదో మీరు కనుగొని చెప్పుడు" అనెను.

నేను పిల్లను చేరబిలిచి, "అమ్మాయీ, ఈ చదువు నేల కోరుచున్నావు?" అంటిని. ఆమె తడుముకొనక, "మంచి ఉద్యోగము వచ్చును, తాతగారూ. మా తరగతిలో అందఱును అదియే తీసికొనుచున్నారు" అనెను. "సరే, ఆ శాస్త్రమున నేమి చెప్పుదురు?" అంటిని. పిల్ల తలవంచుకొనెను. "ఏడు దినములు గడు విచ్చుచున్నాను. ఉద్యోగమను మాట లేకుండ, నీవేల చదువగోరుదువో ఆలోచించుకొని రమ్ము. ఈలోపల నేనును ఆ శాస్త్రమన నేమో తెలిసికొందును" అని పంపితిని. మధ్యవర్తికి ఏ మాటయు ఈయవలదని ముసలాయనకు చెప్పితిని.

ఆ యేడు దినములును నేను మా పాఠశాలలో గణితము చెప్పిన మిత్రునికడ కూర్చుండి పాఠము నేర్చుకొంటిని. నేర్చుకొన్నదానిలో ముఖ్యమైనవి మీకు చెప్పెదను.

మొదట నొక భ్రమను తొలగింపవలెను. కంప్యూటరును వాడుట వేఱు; కంప్యూటరు శాస్త్రమును చదువుట వేఱు. పంచాంగము చూచి తిథివారనక్షత్రములు చెప్పువారు ఊరూరను కలరు. సూర్యచంద్రుల గతులను గణించి పంచాంగమును వ్రాయువా రెందఱు? ఫోను మీటి టిక్కెట్టు కొనుట, బొమ్మలు చూచుట, ఉత్తరము పంపుట, ఇవి పంచాంగము చూచుటవంటివి. ఒక పనిని అంచెలంచెలుగా విభజించి, తెలివిలేని యంత్రముకూడ తప్పక చేయగలుగునట్లు ఆజ్ఞలుగా కూర్చుట పంచాంగము గణించుటవంటిది. విశ్వవిద్యాలయమున చెప్పునది ఈ రెండవ విద్య. "మా వాడు ఫోను చకచక నొక్కును, కనుక కంప్యూటరు చదువునకు పనికివచ్చును" అని మురియుట, పంచాంగపు పుటలు త్రిప్పు బాలుని చూచి జ్యోతిష్కుడాయెనని మురియుటవంటిది.

ఇక యంత్రముమాట. దానికి తెలిసినవి రెండే: ఉన్నది, లేదు. విద్యుత్తు ఉండుట యొక స్థితి, లేకుండుట యొక స్థితి. మొదటిదానికి 1 అనియు రెండవదానికి 0 అనియు గుర్తు. ఈ రెంటితో లోకములోని లెక్కలన్నియు ఎట్లు సాగునని మీకు సందేహము కలుగును. మన పాతకాలపు కొలపాత్రలను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. మా ప్రాంతమున రెండు గిద్దలు అరసోల. రెండు అరసోలలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచము. ఒక్కొక్క పాత్ర ముందుదానికి రెట్టింపు. గిద్ద మొదలు అడ్డవఱకు ఆఱు పాత్రలు, ఒక్కొక్కటి చొప్పున, మీ యెదుట నున్నవనుకొనుడు. ఏ పాత్రనైనను ఒక్కసారి వాడవలెను, లేదా పూర్తిగా విడువవలెను. ఈ నియమముతో 1 గిద్ద మొదలు 63 గిద్దలవఱకు మీకు కావలసిన యే కొలతనైనను కొలువవచ్చును. 45 గిద్దలు కావలెనా? అడ్డ 32, తవ్వ 8, సోల 4, గిద్ద 1, మొత్తము 45. మానికయు అరసోలయు అక్కఱలేదు. పెద్దపాత్రనుండి వరుసగా ఉన్నది, లేదు, ఉన్నది, ఉన్నది, లేదు, ఉన్నది అని వ్రాసినచో 101101 అగును. యంత్రములో 45 అను సంఖ్య నిలుచు రూపమిదియే. పాత్ర లెన్ని పెంచిన అంత పెద్ద సంఖ్యను నిలుపవచ్చును.

సంఖ్యలు సరే, అక్షరములమాట యేమి? ప్రపంచభాషల అక్షరములకెల్ల వరుససంఖ్యల నేర్పఱచిన యూనికోడు అను పట్టిక యొకటి కలదు. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పునందే మన తెలుగునకును స్థానము కలిగెను. అందు 'అ' అను అక్షరము సంఖ్య 3077; 'క' సంఖ్య 3093. మీ మనుమడు పట్టణమునుండి తెలుగున ఒక వార్త పంపినపుడు తీగలమీదను, ఆకాశమునను ప్రయాణముచేయునది ఈ సంఖ్యలే. మీ ఫోను వానిని మరల అక్షరములుగా చూపుచున్నది. బొమ్మయు, పాటయుకూడ ఇట్లే సంఖ్యలుగా మాఱి వచ్చుచున్నవి.

ఇంతవఱకు వినిన పిమ్మట నా ఛందస్సు నాకు గుర్తునకు వచ్చెను. గురువు, లఘువు అను రెండే గుర్తులు. మూడక్షరముల గణములు ఎనిమిది: మ, య, ర, స, త, జ, భ, న. వీని వరుస యాదృచ్ఛికము కాదు. పింగళుని ఛందశ్శాస్త్రమున ప్రస్తారమను పద్ధతి కలదు. ఈ వరుస దానినిబట్టి యేర్పడినది. అందులోనే నష్టమను మఱియొక పద్ధతి. పట్టిక చెరిగిపోయినను, ఫలానా సంఖ్యగల గణమేదో దానిచేత కనుగొనవచ్చును. ఆఱవ గణ మేది? 6 సరిసంఖ్య, కావున లఘువు. దానిలో సగము 3. బేసి, కావున గురువు. బేసికి ఒకటి చేర్చి సగము చేయవలెను, 2 వచ్చును. అది సరి, కావున లఘువు. లఘువు, గురువు, లఘువు: అనగా జగణము. మీరు వ్రేళ్లమీద లెక్కించి చూడుడు, ఆఱవది జగణమే. ముప్పదినాలుగేండ్లు పిల్లలచేత ఈ గణములను వల్లెవేయించితిని. ఇందు గణకయంత్రపు లెక్కకు చేరువయైన లెక్క యొకటి దాగియున్నదని నాకు ఆ వేసవివఱకు తెలియదు.

ఇచ్చట నొక హెచ్చరిక. దీనివలన కంప్యూటరు మనవారే కనిపెట్టిరని చెప్పుట తగదు. పింగళునికి విద్యుత్తు తెలియదు. యంత్రము నిర్మించు తలంపును లేదు. పాణిని సూత్రములకును, నేటి యంత్రభాషల వ్యాకరణమును తెలుపు పద్ధతికిని పోలిక కలదని 1967లో ఇంగర్మన్ అను విద్వాంసుడు వ్రాసిన మాట నిజమే. పోలిక యుండుట వేఱు, కనిపెట్టుట వేఱు. మన పూర్వుల గొప్పతనము చెప్పుకొని ఊరకుండువానికి ఆ శాస్త్రము రాదు. వారివలె కూర్చుండి లెక్కించువానికి వచ్చును.

ఆఱవ గణమును కనుగొనుటకు మనము చేసినట్లు, తప్పక ఫలము నిచ్చునట్టియు, ఎచ్చటనో యొకచోట ముగియునట్టియు అంచెల వరుసకు అల్గారిథము అని పేరు. తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదు నగరమున అల్ ఖ్వారిజ్మీ యను పండితుడుండెను. హిందూదేశపు అంకెలతో లెక్కించు విధమును గూర్చి ఆయన గ్రంథము వ్రాసెను. అది లాటిను భాషలోనికి పోయినపుడు ఆయన పేరే అపభ్రంశమై ఈ మాటయైనది. ఈ శాస్త్రమునకు ప్రాణము అల్గారిథమే. ఒక ఉదాహరణము. ఒక పట్టికలో 1,000 పేర్లు అకారాదిక్రమమున నున్నవి. ఒక పేరు వెదుకవలెను. మొదటినుండి చదువుకొనుచు పోయినచో 1,000 పేర్లును చూడవలసి రావచ్చును. నిఘంటువు తెఱచునట్లు నడుమకు తెఱచి, మనకు కావలసినది ముందున్నదో వెనుకనున్నదో చూచి, అక్కఱలేని సగమును విడిచి, మిగిలినదానిని మరల నడుమకు తెఱచినచో, పదిమాఱులలో పేరు దొరకును. పది లక్షల పేర్లున్నను ఇరువదిమాఱులు చాలును. యంత్రము ఒక సెకనులో కోట్లకొలది పనులు చేయును. అయినను మంచి పద్ధతి చెప్పనివాని చేతిలో అదియు వృథాగా తిరుగును. ఎద్దులు బలమైనవే కావచ్చును; చాలు తీయువానికి తెలివియుండవలెను గదా.

ఈ శాస్త్రమునకు తన హద్దులును తెలియును. 1936లో ఆంగ్లేయుడైన అలన్ ట్యూరింగు ఒక సంగతిని నిరూపించెను. ఏ ఆజ్ఞల వరుసను ఇచ్చినను, అది యెప్పటికైనను ముగియునో, ముగియక తిరుగుచునే యుండునో తప్పక చెప్పగల సర్వసాధారణమైన పద్ధతి యేదియు ఉండజాలదని ఆ నిరూపణము. నిజమైన కంప్యూటరులు నిర్మింపబడుటకు ముందే వాని హద్దు తెలిసినదన్నమాట. ఇట్టి వినయము నేర్పు శాస్త్రము గౌరవింపదగినది.

ఆడుపిల్లకు ఈ చదువేల యని యడుగువారు ఇప్పటికిని కొందఱున్నారు. 1843లో ఆంగ్లదేశమున అడా లవ్‌లేస్ అను విదుషి, చార్లెస్ బాబేజి తలపెట్టిన గణకయంత్రమును గూర్చి వివరణములు వ్రాసి, అందు అట్టి యంత్రమునకు ఈయవలసిన గణనక్రమము నొకదానిని పొందుపఱచెను. ఆ యంత్రము పూర్తికానేలేదు. ఆమె వ్రాసిన క్రమము మాత్రము నేటికిని చదువబడుచున్నది. వారికి ఈ సమాధానము చాలును.

ఎనిమిదవనాడు పిల్ల వచ్చెను. తాతయు వెంట వచ్చెను. ఈ మాఱు చేతిలో నొక నోటుపుస్తకమున్నది. ఆమె చెప్పిన సంగతి యిది.

వారింట రెండు గేదెలు కలవు. దినమునకు నాలుగు లీటర్ల పాలు ఊరి పాలకేంద్రమున పోయుదురు. అచ్చట యంత్రము పాలలోని వెన్నశాతమును చూచి, వెల కట్టి, చీటి ముద్రించి యిచ్చును. అంతకు ముందు రెండు నెలలక్రిందట వెన్నకిలో ధర 30 రూపాయలు పెంచితిమని కేంద్రమువారు గోడకు కాగితమంటించిరి. అయినను ముసలాయనకు వచ్చు సొమ్ము పెరుగలేదు. ఆయన అడుగగా అచ్చటి కుఱ్ఱవాడు, "యంత్రము చెప్పినది, తాతా, నేనేమి చేయుదును?" అనెను. ఆయన మాఱాడక ఇంటికి వచ్చెను. పిల్లకు ఆ మాట మనసున నాటుకొన్నది. ఆమె పండ్రెండు దినముల చీటీలను పోగుచేసి, గోడమీది పట్టికనుబట్టి తానే గుణించి చూచెను. దినమునకు ఇంచుమించు 8 రూపాయలు తక్కువ వచ్చుచున్నవి. పండ్రెండు దినములకు 96. పాలు పోయు గడపలు ఆ యూరిలో అఱువదికి మించియున్నవి. పిల్ల పుస్తకము తీసికొనిపోయి చూపెను. విచారింపగా తేలినదేమనగా, యంత్రము గుణించుటలో తప్పు చేయలేదు. క్రొత్త ధరను దానికి తెలుపుట ఆ కుఱ్ఱవాడు మఱచినాడు. పాత ధరనే అది నిష్ఠగా గుణించుచున్నది. కేంద్రమువారు తప్పు ఒప్పుకొని అందఱకును సొమ్ము సరిచేసిరి.

ఇంతయు చెప్పి పిల్ల, "తాతగారూ, యంత్రము చెప్పినదనగానే మా తాత నోరు మూసికొనెను. యంత్రమునకు చెప్పినవాడు మనుష్యుడే గదా. వాడేమి చెప్పినాడో, ఎట్లు చెప్పినాడో తెలిసిన, మనము అడుగవచ్చును. నాకు అది తెలిసికొనవలెనని యున్నది. ఉద్యోగము రాకున్నను తెలిసికొనవలెననియే యున్నది" అనెను.

ముసలాయన పైకండువాతో కన్ను లద్దుకొనెను. ఆ 96 రూపాయల సంగతి ఆయనకు తెలియును. దానినుండి పిల్లకు ఇంత ఆలోచన పుట్టినదని ఆయనకు తెలియదు. "సంకల్పము కుదిరినదమ్మా" అంటిని.

పెద్దలారా, ఉద్యోగముకొఱకు చదువుట తప్పని నేననుటలేదు. కూడు పెట్టని విద్య నేర్చి కుటుంబమును ఉపవాసముంచుట ధర్మము కాదు. అయినను ఉద్యోగ మొక్కటియే సంకల్పమైనచో ఆ చదువు గాలివాటున పోవును. మిర్చికి ధర పలికినదని మరుసటియేడు ఊరంతయు మిర్చియే వేసినయెడల ఏమగునో మీకు నేను చెప్పనక్కఱలేదు. ఈ విద్యయందును అట్టి ఆటుపోటులు కలుగుచునే యున్నవి. 1990 తరువాతి సంవత్సరములలో పాత కంప్యూటరులకు ఒక చిక్కు వచ్చినది. చోటు కలిసివచ్చునని సంవత్సరమును రెండంకెలతోనే, 1998ని 98గా, 1999ని 99గా వ్రాసియుంచిరి. 2000 వచ్చినపుడు 00 అని వ్రాయగా యంత్రము దానిని 1900 అనుకొను ప్రమాదమున్నది. దానిని దిద్దుటకు లోకమంతటను మనుష్యులు కావలసివచ్చిరి. మన పిల్లలు హైదరాబాదులోని అమీరుపేటలో కొన్ని నెలలు పాత యంత్రభాషలు నేర్చుకొని సముద్రములు దాటిపోయిరి. కొందఱు బాగుపడిరి. 2000 దాటినది; ఆ పని ముగిసినది; 2001 నాటికి అమెరికాలో ఈ వ్యాపారము క్రుంగినది. ఒక్క పనిముట్టును మాత్రమే పట్టుకొన్నవారు పెక్కుమంది పెట్టె సర్దుకొని తిరిగివచ్చిరి. మూలము తెలిసినవారు మఱియొక భాష నేర్చి మఱియొక పనిలో నిలిచిరి.

నేడు వచ్చినది అంతకంటె పెద్ద మార్పు. 2022 నవంబరు నెలాఖరున చాట్‌జీపీటీ యను సాధనము వెలువడినది. అట్టి సాధనములు మనుష్యుడు మాటలతో అడిగినమాత్రమున ఆజ్ఞల వరుసలను తామే వ్రాయుచున్నవి. బట్టీపట్టి నాలుగు వరుసలు కూర్చుటయే విద్యయనుకొన్నవానికి ఇది గడ్డుకాలము. కాని అవి వ్రాసినది ఒప్పో తప్పో చూడవలసినవాడు మనుష్యుడే. పాలకేంద్రపు యంత్రమునకంటె ఇవి వేయిరెట్లు నేర్పరులు కావచ్చును. "యంత్రము చెప్పినది" అను మాటకు తలయొగ్గనివాడు ఇప్పుడే మఱింత కావలెను.

మన తెలుగుగడ్డపై పుట్టిన యొక మహనీయుని సంగతి చెప్పెదను. దబ్బల రాజగోపాలరెడ్డిగారు 1937లో నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరను పల్లెలో వ్యవసాయకుటుంబమున జన్మించిరి. లోకమున రాజ్ రెడ్డిగారని ప్రసిద్ధి. ఆ యింట కళాశాల గడప త్రొక్కిన మొదటివాడు ఆయనయే. మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1958లో పట్టభద్రులైరి. అచ్చట చదివినది కంప్యూటరు కాదు. ఇండ్లు, వంతెనలు కట్టు సివిలు ఇంజనీరింగు. పిమ్మట ఆస్ట్రేలియాలోను, అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయములోను చదివి 1966లో డాక్టరు పట్టము నందిరి. మనుష్యుని మాటను యంత్రముచేత గుర్తింపజేయుట ఎట్లు అను సమస్యను పట్టుకొని దశాబ్దములు దానిని విడువలేదు. 1994లో ఈ శాస్త్రమున మిక్కిలి గొప్పదైన ట్యూరింగు పురస్కారము ఎడ్వర్డు ఫైగెన్‌బాముగారితో కలసి ఆయనకు లభించెను. ఆసియాఖండమున పుట్టినవారిలో దానిని మొదట పొందినవా రాయనయే. నేడు చదువురాని ముదుసలికూడ ఫోనుతో మాటలాడి పాట పెట్టించుకొనుచున్నదన్న, దాని వెనుక అట్టివారి దీర్ఘపరిశ్రమ యున్నది. 2008లో గ్రామీణ విద్యార్థుల నుద్దేశించి నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో వెలసిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు స్థాపనలోను ఆయన చేయి కలదు. ఆయన జీవితమున నేను గ్రహించినది యొక్కటి: మొదట చేరిన శాఖ యేదైనను కావచ్చును, పట్టుకొన్న ప్రశ్న గట్టిదై యుండవలెను.

ఇంటిపెద్దలు చేయవలసిన పరీక్షను ఇక క్లుప్తముగా చెప్పుదును.

మొదటిది, పిల్లల నడుగుడు, అడిగి ఊరకుండుడు. సమాధానమునకు కాలమిండు. మొదటి సమాధానము సాధారణముగా ఇతరులది, రెండవది తమది. నా శిష్యుడొకడు మొక్కలన్న ప్రాణమిచ్చువాడు. అంట్లు కట్టుటలో ఊరి తోటమాలికే పాఠము చెప్పగలవాడు. వాని తండ్రి బలవంతముగా వానిని కంప్యూటరు చదువునకు పంపెను. ఆ తండ్రి సలహా అడిగినపుడు నేనును, అందఱివలెనే, మంచిదేయంటిని. రెండేండ్లు గడిచిన పిమ్మట వాడు చదువు మాని, మనసు విఱిగి, ఇంటికి వచ్చెను. మరల కోలుకొనుటకు చాలకాలము పట్టినది. ఆ తప్పులో నా పాలును కలదు. అందుచేతనే ఈ పిల్లకు ఏడు దినముల గడు విచ్చితిని.

రెండవది, ఓర్పు పరీక్షింపుడు. ఒక చిక్కులెక్క యిచ్చిన, విడిపోవువఱకు దానియొద్దనే కూర్చుండు స్వభావము పిల్లకు కలదా? ఆజ్ఞల వరుసలో ఒక్క గుర్తు తప్పినను యంత్రము నిలిచిపోవును. ఆ తప్పును వెదకుటలో దినములు గడచును. ఇందు సహనమే సగము విద్య. గణితమున అభిరుచియు, చెప్పదలచినదానిని స్పష్టముగా వ్రాయు భాషాశక్తియు మిగిలిన సగము. తెలుగు పంతులనని ఈ మాట చెప్పుటలేదు. ఏది ముందు, ఏది వెనుక అని వాక్యమున చెప్పలేనివాడు యంత్రమునకును చెప్పలేడు.

మూడవది, కళాశాలకు స్వయముగా పోయి చూడుడు. ద్వారమును, అద్దాల మేడలను చూచి మోసపోకుడు. చదువు చెప్పువారు ఎన్నేండ్లుగా అచ్చట నిలిచియున్నారో, ప్రయోగశాలలో పిల్లలచేత పని చేయించుచున్నారో లేదో, పై తరగతుల పిల్లలు తమ పనిని తామే చేయుచున్నారో లేక కొని తెచ్చుకొనుచున్నారో ఆ పిల్లలనే అడుగుడు. వారు నిజము చెప్పుదురు.

నాలుగవది, సొమ్ము. చదువునకు ఖర్చు పెట్టుడు. కాని బ్రదుకునకు ఆధారమైన భూమినంతయు ఒక్క పందెమున ఒడ్డకుడు. తాత అమ్మిన పొలము బరువు పిల్ల గుండెమీద కూర్చుండిన, అది శాస్త్రము చదువదు, భయము చదువును. ప్రభుత్వ కళాశాలలు, విద్యార్థివేతనములు, బ్యాంకుల చదువుఋణములు ఉన్నవి. ముందు వానిని విచారించి, పిమ్మట పొలమువైపు చూడుడు.

ఆ పిల్ల సంగతి యేమైనదని మీకు తెలిసికొనవలెనని యుండును. మధ్యవర్తిని పంపివేసిరి. ప్రవేశపరీక్షలో తనకు వచ్చిన స్థానమునకు తగినట్లు, మా జిల్లాలోనే, మేడలు చిన్నవియైనను పాఠము చెప్పు ఉపాధ్యాయులుగల కళాశాలలో చేరినది. చెఱువుక్రింది యెకరము నిలిచినది. ఈ సంవత్సరము దానిలో వరి యూడ్చిరి. ఆమె చదువు ఎంతవఱకు ఫలించునో నేను జోస్యము చెప్పజాలను. సంక్రాంతి సెలవులకు వచ్చినపుడు తన పుస్తకము నాకు చూపెను. మొదటి పుటలో నామె వ్రాసికొన్నది రెండే వాక్యములు: యంత్రమునకు ఎవరేమి చెప్పినారో తెలిసికొనుటకు. తెలియనివారి పక్షమున అడుగుటకు.

ఇంతకంటె చక్కని సంకల్పము నేను వ్రాసియీయలేను. మీ యింటి పిల్లలును తమ సంకల్పమును తామే వ్రాసికొందురుగాక. మీరు వారినడుగుడు, వారు చెప్పువఱకు ఓపికతో ఆలకింపుడు.